తనిఖీకి అందని లైబ్రరీ

ఆమె అంట్లు తోముతుంటే వెనక నిలబడి భర్త అన్నాడు: "రేపు మీటింగులో తప్పు నీ వైపేనని ఒప్పేసుకో. ఓ పనైపోతుంది."

ఆమె గిన్నె అడుగున మాడిన చోట రుద్దుతూనే ఉంది.

ఇద్దరిదీ ఒకే ఆఫీసు. రోగికి మందు ఎక్కించే యంత్రాన్ని నడిపే ప్రోగ్రామ్ ఆమె రాసింది. అది వాడుకునే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన ఉమ్మడి కోడ్, అతను రాసింది. ఆఫీసులో ఇంకెన్నో ప్రోగ్రాములు దాన్నే పంచుకుంటాయి. పరీక్షల్లో యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంటే, "లైబ్రరీ ఎప్పటినుంచో ఉన్నదే. కొత్తది నీ కోడేగా అమ్మా" అని టీమ్ లీడర్ తేల్చేశాడు. ఆ మాట అత్తగారి దాకా ఎలా చేరిందో గానీ, "పొయ్యి మీద పాలు మర్చిపోయే మనిషి, అక్కడ మాత్రం మర్చిపోదా" అందావిడ. ఆ పాలు పెట్టింది అత్తగారే. ఎవరూ గుర్తు చేయలేదు.

మెమరీ తప్పులు పట్టే టూల్‌తో ఆమె తన ప్రోగ్రామంతా వెతికింది. ఏమీ దొరకలేదు. తన మీద తనకే అనుమానం పట్టుకుంది. నిజంగానే ఏదో మర్చిపోయానేమో అనుకుంటూ కొన్నాళ్లు అన్నం కూడా సరిగా తినలేదు. చివరికి తట్టింది: టూల్‌తో కలిపి తయారు చేసిన కోడ్‌నే అది పూర్తిగా చూస్తుంది. లైబ్రరీని ఎవరూ అలా తయారు చేయలేదు. దాని మీద ఫిర్యాదు రాలేదంటే తప్పు లేదని కాదు, ఎవరూ చూడలేదని. దాన్నీ టూల్‌తో కలిపి మళ్లీ తయారు చేసి నడిపితే వెంటనే దొరికింది. ఒకసారి వదిలేసిన మెమరీలోనే లైబ్రరీ మళ్లీ రాస్తోంది, యంత్రం ఆగిపోయేది అందుకే. సాయంత్రం భర్తకు చూపించింది. అతను చదివి, లాప్‌టాప్ మూసేశాడు.

ఇప్పుడు గొంతు తగ్గించి అంటున్నాడు: "నాకు ప్రమోషన్ వచ్చే టైమిది. మొగుడూ పెళ్లాల్లో ఎవరి పేరు పోతే ఏంటి? ఒకటేగా."

ఒకటే. బిడ్డకు జ్వరమొస్తే ఎవరు సెలవు పెట్టినా ఒకటే, పెట్టింది ఆమె. ఎవరు ఊరు మారినా ఒకటే. పాత ఉద్యోగం వదిలి వచ్చింది ఆమె. ఇన్నేళ్లలో ఆ మాట ఒక్కసారైనా అతని వైపు తిరగలేదు.

ఆమె కుళాయి కట్టేసింది. "ఒకటే అయితే, నీ పేరే చెప్తా."

మర్నాడు మీటింగులో చెప్పింది. అందరి ముందూ నడిపి చూపించింది. ఆమెను అన్న మాటలకు ఎవరూ నొచ్చుకోలేదు. టీమ్ లీడర్ గొంతు సవరించుకుని, "ఎలాగూ పట్టుకున్నావు కదా, నువ్వే సరిచేసెయ్యమ్మా" అన్నాడు.

"రాసినవాళ్లు చేస్తారు" అందామె.

సాయంత్రం భర్త కారు ఆమె కోసం ఆగలేదు. బస్సులో నిలబడే వెళ్లింది. ఇంట్లో ఎవరూ పలకరించరని తెలుసు. స్టాపు వచ్చింది. దిగాలనిపించలేదు. అయినా దిగింది.