మూడు వారాలకొక శుక్రవారం

గోల్‌మురి ఫైర్ స్టేషన్లో బంగార్రాజుకి పదకొండేళ్ల సర్వీసు. ఆ పదకొండేళ్లలో అతను ఆర్పిన మంటలకి ఎక్కడో ఒకచోట మొదలు దొరికేది. పొయ్యిలోంచి ఎగిరిన రవ్వ, పారేసిన బీడీ ముక్క, తోలు ఊడిన కరెంటు తీగ, పిల్లి తన్నేసిన కిరసనాయిలు బుడ్డి. మంట ఆరాక మిగతావాళ్లు పైపులు చుట్టుకుంటుంటే అతను బూడిదలో కాసేపు తచ్చాడేవాడు. ఎక్కడ పుట్టిందో తేలితే గాని అతనికి మనసు కుదుటపడేది కాదు. బండి తోలే బలరామ్ విసుక్కునేవాడు. "దాదా, ఆగ్ తో బుఝ్ గయీ, అబ్ క్యా ఢూంఢ్ రహే హో?" అనేవాడు. ఆరిపోయిన మంటలో ఇంకేం వెతుకుతావయ్యా అని.

ఎనభై రెండో సంవత్సరం వేసవిలో మాత్రం మొదలు దొరకని మంటలు మూడు వచ్చాయి. మూడూ ఒకే ఇంట్లో.

ఆ ఇల్లు స్టేషన్‌కి మైలు దూరంలో, ప్లాంటు పనులకి ఇంత దూరం వలసొచ్చిన మన శ్రీకాకుళం వాళ్లు వరసగా కట్టుకున్న పెంకుటిళ్ల బస్తీలో ఉంది. ఇంటాయన ఆదిబాబు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. ఖాళీ దొరికినప్పుడు వెనక వసారాలో కుర్చీలు, బల్లలు పాలిష్ పెడతాడు. ఇంట్లో భార్య జానకి, తల్లి పోలమ్మ. మొదటి మంట మార్చి ఆఖరి వారంలో, శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటాక. వెనక వసారాలో మూలనున్న గోనెసంచి కాలి, పక్కనున్న వెదురు తడిక అంటుకుంది. బంగార్రాజు వాళ్లు దమ్‌కల్, అదే ఫైరింజను, వేసుకుని వెళ్లేసరికి బస్తీ జనం బిందెలతో సగం ఆర్పేశారు.

ఆ రోజు ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. పోలమ్మకి అడ్డపొగ అలవాటు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తుంది. ఆ చుట్టే ఎక్కడో పడేసి ఉంటుందన్నారు. ఆదిబాబు తల్లి చేతిలోని చుట్టల కట్ట లాక్కుని మురిక్కాలవలో విసిరేశాడు. "నాను పడీనేదురా," అని ఆవిడ ఎంత చెప్పినా వినలేదు.

రెండో మంట ఏప్రిల్ నడిమిలో, మళ్లీ శుక్రవారం, మళ్లీ అదే వేళకి. ముసల్ది దొంగతనంగా కాలుస్తోందన్నారు.

మూడోది మే ఏడున. ఈసారి తడికతో ఆగలేదు. పక్కింటి సూర్యకాంతం వాళ్ల చూరు వాసాలు కాలాయి, పెంకులు టపటపా పగిలి రాలాయి. మంట లేచేసరికి పోలమ్మ వీధి కుళాయి దగ్గర నలుగురి మధ్య వరసలో నిలబడి ఉంది. నోట్లో చుట్ట లేదు, చేతిలో బిందె ఉంది. చూసినవాళ్లు పదిమంది. దాంతో చుట్ట మాట పోయింది గాని, అంతకన్నా పాడు మాట పుట్టింది. ఇరవై ఒక్క రోజులకోసారి, అదీ శుక్రవారం, అదీ ఆవిడ మసిలే వసారాలోనే. ఆవిడ మీద అమ్మవారో ఏదో ఉందన్నారు. ఆవిణ్ణి గమ్హరియాలో ఉన్న కూతురి దగ్గరకి పంపెయ్యమని సూర్యకాంతం అందరి ముందూ ఆదిబాబుతో అంది. కబురు అంది ప్లాంటు నుంచి పరుగెత్తుకొచ్చిన ఆదిబాబు తల దించుకున్నాడు గాని కాదనలేదు.

బంగార్రాజు అప్పుడు తడి బూడిదని కర్రతో కెలుకుతున్నాడు. పోలమ్మ వచ్చి అతని పక్కన గొంతుక్కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొగకో, ఏడుపుకో తెలీదు.

"బాబూ, ఒవులు అంటించారని అందరూ అడుగుతున్నారు. ఎలాగ అంటుకుందని ఒక్కడూ అడగడు. నువ్వు దమ్‌కలోడివి గదా. అగ్గి నేకుండా అగ్గి ఎలాగొత్తాది?"

బంగార్రాజు కర్ర ఆపాడు. తన బుర్రలో తిరుగుతున్న మాటే ఆవిడ నోట వచ్చింది.

"నాకూ తెలీదత్తా," అన్నాడు. "తెలుసుకోవాల."

కాలిన సంచి అడుగున అరచెయ్యంత గుడ్డ ముక్క మిగిలింది. వాసన చూశాడు. కిరసనాయిలు కాదు. చేపల బుట్టకీ పాత రంగు డబ్బాకీ మధ్యస్థంగా ఏదో వాసన. ఆవిడ ముక్కు దగ్గర పెడితే వెంటనే చెప్పింది.

"తీసీ నూనె. మావోడు బల్లలకి రాత్తాడు."

తీసీ అంటే అవిసె. పాలిష్ పనివాళ్లు చెక్కకి మెరుపు రావడానికి కాచిన అవిసె నూనె రాసి, గుడ్డలతో తుడుస్తారు. ఆ గుడ్డలే సంచిలో ఉన్నాయి. అయినా నూనె గుడ్డలు ఊరికే ఎందుకు కాలతాయి? మిగిలిన రోజుల్లో కాలనివి ఆ శుక్రవారాలే ఎందుకు కాలాలి?

లోపలికెళ్లి మంచినీళ్లు అడిగితే జానకి గ్లాసు తెచ్చింది. గోడకి కేలండరు వేలాడుతోంది. ప్రతి వారం మీదా పెన్సిల్‌తో ఏ, బీ, సీ అని రాసుంది.

"ఇదేటమ్మా?"

"ఆయన షిఫ్టులండి. వారానికొకటి మారతాది. అన్నం ఎప్పుడు వండాలో మర్చిపోకుండా రాసుకుంటాను."

బంగార్రాజు మూడు శుక్రవారాలూ వేలితో వెతికి పట్టుకున్నాడు. మూడింటి మీదా బీ అనే ఉంది. బీ షిఫ్టంటే మధ్యాహ్నం రెండింటికి మొదలు. ఆదిబాబుని పిలిచి అడిగాడు. పొద్దున్న షిఫ్టు వారం ఒళ్లు అలిసిపోయి వస్తాడట. రాత్రి షిఫ్టు వారం పగలంతా పడుకుంటాడట. బీ షిఫ్టు వారంలోనే పొద్దుటి పూటలు చేతికి దొరుకుతాయి. నాలుగు రోజులు గీకి, నున్నగా రుద్ది, శుక్రవారం పొద్దున్న నూనె రాసేవాడు. శనివారం సరుకు పట్టుకెళ్లేవాళ్లు వస్తారు.

అంటే అమ్మవారు కాదు, ఆదిబాబు డ్యూటీ చీటీ. కాని ఇంకా సగమే తేలింది. రోజు తెలిసింది, నిప్పెక్కడిదో తెలియలేదు.

మర్నాడు బజారులో కాచిన అవిసె నూనె కొన్నాడు. స్టేషన్ వెనక దొడ్లో పాత గుడ్డలకి పట్టించి, ఇనప డ్రమ్ములో వదులుగా పడేసి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని చుట్టూ తిరిగాడు. ఏమీ కాలేదు. గుడ్డలు ఎండి బిరుసెక్కాయి, అంతే. బలరామ్ ఆ గుడ్డ ఒకటి టోపీలా నెత్తిన పెట్టుకుని స్టేషనంతా తిరిగి నవ్వించాడు. స్టేషన్ ఆఫీసరు మంచివాడే గాని, ఇంకొక్క రోజు మాత్రమే ఇస్తానన్నాడు. తర్వాత పైపులు ఉతికే పని ఉంది.

ఆ సాయంత్రం బంగార్రాజు సైకిలెక్కి బస్తీకి వెళ్లాడు. పోలమ్మ గుమ్మంలో మూట పక్కన పెట్టుకుని కూర్చుంది. ఎల్లుండి గమ్హరియా ప్రయాణమట. జరిగింది చెప్పాడు. ఆవిడ మూట సంగతి మర్చిపోయి ముందుకి జరిగింది.

"గుడ్డలు ఎలాగేసావు?"

"ఎలాగేటి అత్తా. డ్రమ్ములో పడేసాను."

"అలాగ పడేత్తే ఏటవుద్ది? నాను బొగ్గుల పొయ్యి రాజెయ్యడానికని దాసుకుంటాను. గాలికి ఎగిరిపోకుండా ఉండల్లాగ సుట్టి, సంచిలో ఏసి, కాలితో తొక్కి మరీ కుక్కుతాను." అంటుండగానే ఆవిడకి ఏదో తట్టినట్టుంది. "బాబూ, మా ఊర్లో ఒకపాలి మా మావ తడి గడ్డి కుప్పేయించీసాడు. పైకి బాగానే ఉంది. సెయ్యి లోనికెడితే కాలిపోయింది. ఆవిర్లు వచ్చేవి. పరిసిన గడ్డి ఎప్పుడూ సల్లగానే ఉండీది. కుప్పేసిందే ఉడికీది."

బంగార్రాజు సైకిలు స్టాండు తీశాడు. "రేపు పొద్దున్న స్టేషన్‌కొత్తావా అత్తా? నీ సేత్తో నువ్వే కుక్కాల."

ఆదివారం ఆదిబాబుకి ఆఫ్. తల్లిని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. వాళ్ల వెనకే సూర్యకాంతం కూడా రిక్షాలో వచ్చింది. ఏం జరుగుతుందో స్వయంగా చూస్తే గాని నమ్మనంది. పదిన్నరకి పోలమ్మ కొంగు బిగించి పనిలోకి దిగింది. గుడ్డలకి నూనె పట్టించి, పిండి, ఉండలు చుట్టి, సంచిలో వేసి, మోకాలితో అదిమింది. సంచి మూతి కట్టి డ్రమ్ములో దింపారు. మధ్యలో ఒక సైకిలు చక్రం పుల్ల గుచ్చారు. అరగంటకోసారి పుల్ల లాగి, ముట్టుకుని చూడాలని బంగార్రాజు ఏర్పాటు.

పదకొండుకి పుల్ల మామూలుగానే ఉంది. పదకొండున్నరకీ అంతే. పన్నెండుకి బంగార్రాజు పుల్లని బుగ్గకి ఆనించుకున్నాడు. కాస్త వెచ్చగా ఉంది, ఎండకా, లోపలి వేడికా అని సందేహం. డ్రమ్ముని వేపచెట్టు నీడలోకి జరిపించాడు. ఒంటిగంటకి సందేహం తీరింది. పుల్ల జొరమొచ్చిన పిల్లాడి ఒళ్లులా ఉంది. వరసలో అందరూ ముట్టుకున్నారు. బలరామ్ రెండుసార్లు ముట్టుకున్నాడు. సూర్యకాంతం కొంగు చుట్టుకుని ముట్టుకుని, గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఒకటిన్నరకి ముక్కు మండే పుల్లటి వాసన మొదలైంది. పుల్ల పట్టుకోలేకపోయారు. ఆఫీసరే స్వయంగా కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. రెండుకి పది నిమిషాలుండగా సంచి కుట్ల సందులోంచి సన్నగా, అగరొత్తి పొగలా ఒక చార లేచింది. నిప్పెవరూ చూపించలేదు. సంచి అంతమంది కళ్లెదుటే ఉంది.

బంగార్రాజు పొడుగాటి కొక్కెంతో సంచి పక్కని చీల్చాడు. లోపల ఉండలు నల్లగా కమిలి, మధ్యలో ఎర్రగా కణకణలాడుతున్నాయి. గాలి తగలగానే భగ్గున లేచింది. వెనక పైపు పట్టుకున్నవాళ్లు నీళ్లు కొట్టడానికి కదిలితే, ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు. ఇంకాసేపు చూడాలనిపించినట్టుంది అతనికి కూడా.

మంట ఆర్పాక బంగార్రాజు తనకి అర్థమైనంత చెప్పాడు. ఈ నూనె ఆరడమంటే నీళ్లలా ఎగిరిపోవడం కాదు. గాలిని పీల్చుకుని గట్టిపడుతుంది. అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలో వేడి గాలికి పోతుంది. ఈ ఎండల్లో, కుక్కిన గుడ్డలో పోయే దారి లేక పెరిగి పెరిగి, తనంతట తనే అంటుకుంటుంది. ఆదిబాబు పనికి బయల్దేరాక, సరిగ్గా ఆ వేళకి.

పోలమ్మ తన రెండు అరచేతులూ చూసుకుంది. "అయితే నా సేతులేనన్నమాట."

"నీ తప్పు కాదత్తా. ఎవులికీ తెలీదు. నాకూ తెలీదు."

ఆదిబాబు తల్లి ముందు కూలబడ్డాడు. "నిన్ను నానా మాటలూ అన్నానే అమ్మా. మూట కూడా కట్టించీసాను."

ఆవిడ కొడుకు తల మీద చెయ్యి వేసింది గాని, చూపు డ్రమ్ము మీదే ఉంది. "అన్నావు సరే, తర్వాత ఏడుద్దువు గాని. బాబూ, మరి నూనె తక్కువేసి కుక్కితే ఎంతసేపటికి అంటుకుంటాది?"

సూర్యకాంతం రిక్షా ఎక్కబోతూ వెనక్కి వచ్చి, "అక్కా, నాతోపాటు వచ్చీ. సైకిలు మీద నీ నడుం పట్టేత్తాది," అంది. అంతకు మించి క్షమాపణ ఆవిడకి చేతకాలేదు. పోలమ్మ ఎక్కి కూర్చుంది. మూట ఆ సాయంత్రమే విప్పేశారు.

తర్వాతి రెండు వారాలూ బంగార్రాజు ఒక సంచీ, ఒక సైకిలు పుల్లా పట్టుకుని ఫర్నిచరు దుకాణాల వెంట తిరిగాడు. గోల్‌మురి బజారు అయ్యాక బస్సెక్కి మాంగో అనే పేటకి వెళ్లాడు. అక్కడ ఒక దుకాణదారు నవ్వి పంపేశాడు. ఇంకొకతను మాత్రం మొహం పాలిపోయి, రెండేళ్ల కిందట తన కొట్టు కాలిపోతే, కావాలని అంటించాడని పనివాణ్ణి మాన్పించేశానని చెప్పాడు. ఆ పనివాడు ఇప్పుడెక్కడున్నాడో తెలీదన్నాడు. బంగార్రాజు గుడ్డల్ని నీళ్ల బకెట్లో వెయ్యమనో, తీగ మీద విడివిడిగా ఆరెయ్యమనో చెప్పి వచ్చేశాడు.

మే ఇరవై ఎనిమిది, బీ షిఫ్టు శుక్రవారం. మధ్యాహ్నానికి బస్తీలో సగం మంది ఏదో పని కల్పించుకుని ఆదిబాబు పెరట్లో తేలారు. బంగార్రాజూ వచ్చాడు. తీగ మీద నూనె గుడ్డలు ఒక్కొక్కటే పరుచుకుని ఎండుతున్నాయి. రెండయింది, మూడయింది. ఏమీ జరగలేదు. జనం కాస్త నిరాశతోనే ఇళ్లకి వెళ్లారు.

పోలమ్మ బంగార్రాజుని వంటింట్లోకి పిలిచింది. మూల వాసెన కట్టిన పెద్ద జాడీ ఉంది. ఆ వారమే ఆవకాయ పెట్టింది.

"బాబూ, రెండ్రోజుల్నుంచి నా మనసు మనసులో నేదు. ఇందులోనూ నూనే. ఇదీ కుక్కిందే. ఎండలూ అవే. మరిదెందుకు కాలదు?"

బంగార్రాజు నూనె వేరు కాబోలు అనుకున్నాడు. గాలి తగలదు కాబోలు అనుకున్నాడు. ఏదీ గట్టిగా తెలియదు.

"తెలీదత్తా," అన్నాడు.

ఇద్దరూ వంగి, జాడీకి చెరోపక్కా అరచేతులు ఆనించి చూశారు. చల్లగా ఉంది.