పెద్దమ్మ తుమ్ము

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. మా పెద్దమ్మకేమో ముక్కు మీద తుమ్ములుంటయ్. నాంపల్లిల మిరపకాయలు కారం పట్టే గిర్నిల పనిచేస్తది మరి. గా కారంల తుమ్ముకుంటనే నన్ను సాకింది, బేస్‌బాల్ గ్లవ్ కొనిచ్చింది.

పోయిన ఆదివారం బషీర్‌బాగ్ గ్రౌండ్‌కు నా బేస్‌బాల్ చూద్దామని మొదటిసారి వచ్చింది. నేను పిచర్‌ను, బాల్ వేసేదాన్ని. ఆఖరి ఇన్నింగ్, స్కోర్ సమానం, ఎదుటి టీం పిల్ల మూడో బేస్ మీదుంది, ఇంక హోం చేరితే రనే. పిచర్ నిలవడే పట్టీ మీద కాలుపెట్టి బాల్ వెయ్యబోయిన. పెద్దమ్మ "హాచ్చ్!" అన్నది. నా చెయ్యి ఆగిపోయింది. తుమ్మితే ఆగు, కూసోని నీళ్లు తాగు అని పెంచిన్రాయె!

"బాక్!" అన్నడు అంపైర్. పట్టీ మీద కాలుంచి వేసుడు షురూ చేసినంక మధ్యల ఆగొద్దు. ఆగితే బేస్‌ల మీదున్నోళ్లు తలా ఒక బేస్ ముందుకు పోతరు. గా పిల్ల నవ్వుకుంట హోం చేరింది. మేం ఓడినం.

"నా ముక్కు పాడుగాను! ఇగ నేను రాను బిడ్డా," అని పెద్దమ్మ ఆబిడ్స్ పొడుగూత ఏడ్చింది.

హోం కాడ నా బాల్ పట్టే మా క్యాచర్ లోయిస్ చర్చికి పోయే పిల్ల, తుమ్ములు గిమ్ములు నమ్మది. ఎక్కిరిస్తదని నేను కొట్లాటకు తయారైన. అది నవ్వనే లేదు. "ఆగాల్నా? ఆగు. గానీ వేసుడు షురూ కాకముందే కుడికాలు పట్టీ ఎనకకు తియ్యి. గప్పుడు బాక్ కాదు, ఎటన్న ఇసరొచ్చు," అన్నది. వారమంత అది దొంగతుమ్ములు తుమ్ముడు, నేను కాలు తీసుడు. దాని గొంతు బొంగురువోయింది పాపం.

నిన్న గదే టీంతోని ఆట. స్టేట్ టీంకు పిచర్‌ను గీడనే తీసుకుంటరు. పెద్దమ్మను బతిమిలాడి గుంజుకొచ్చిన. ఆఖరి ఇన్నింగ్, ఒక్క రన్ ముందున్నం, ఇంకొక్క ఔట్ కావాలె. మూడో బేస్ మీద మళ్ల గా పిల్లనే! పెద్దమ్మ కొంగుతోని ముక్కు గట్టిగ మూసుకుంది. నేను పట్టీ మీద బాల్ పట్టుకొని కదలకుండ నిలవడ్డ.

"హాచ్చ్!"

నా కుడికాలు ఎనకకు వడ్డది. మళ్ల బాక్ అయితదనుకొని గా పిల్ల అప్పటికే సగందూరం ఉరికొచ్చింది. బాల్ లోయిస్‌కు ఇసిరిన. లోయిస్ ఎదురువోయి గా పిల్లకు బాల్ ముట్టిచ్చింది. ఔట్!

స్టేట్ టీం పేర్లు చెప్పంగనే పెద్దమ్మ తానకు ఉరికిన. కొంగుల మొఖం దాచుకొని పెద్దమ్మ, "మళ్ల పాడుజేసిన్నా బిడ్డా?" అన్నది.

"నీ తుమ్మే గెలిపిచ్చింది పెద్దమ్మా! స్టేట్ టీంల తీసుకున్నరు నన్ను," అని కాళ్లు మొక్కిన. ఏడ్పాగలే నాకు. గిర్నిల అందరు తుమ్మెటోళ్లే, గామెకు 'నూరేళ్లు' అనెటోళ్లెవ్వరు లేరు. నేను సుత ఎన్నడనలే.

తుమ్ములు నమ్మని లోయిసే ముందుగాల అన్నది, "నూరేళ్లు బతుకు పెద్దమ్మా!"