మొద్దుకు ఎడమపక్క

మా అత్తమ్మ సుందరమ్మ ప్రతి కట్టెనూ ఇంకో కట్టెతో కొట్టి చూస్తుంది. ఖంగుమంటే ఎండింది, దబ్బుమంటే పచ్చిది. నన్ను కొట్టకుండానే పచ్చికట్టెనని పెళ్లయిన వారానికే తేల్చేసింది.

బార్కస్ రోడ్డు మీద మాది కట్టెల దుకాణం. మండీ బిర్యానీ వండే హోటళ్లకు చింతదుంగలు, ఇళ్లకు పొయ్యి రాజేసే పుల్లలు అమ్ముతాం. దుంగలు ఎవరైనా అమ్ముతారు. అత్తమ్మకు పేరొచ్చింది పుల్లలతోనే. పుల్లలకు చింత పనికిరాదు, అది అంటుకునేలోపు మనకు ఆకలి చచ్చిపోతుంది. వేప పొగతో ఏడిపిస్తుంది. సుబాబుల్ కావాలి, లేదంటే ప్యాకింగ్ పెట్టెల తెల్లచెక్క. దానికి రంగు అంటి ఉంటే అత్తమ్మ ముట్టుకోదు. ఏరిన చెక్కను మొద్దు మీద పెట్టి, కత్తితో చిటికెనవేలంత సన్నగా చీల్చి కట్టలు కడుతుంది. కట్ట ఒక్క అగ్గిపుల్లకు అంటుకోవాలి. లేకపోతే ఆమెకు ఆ పూట అన్నం సహించదు.

పెళ్లికి ముందు నేను మలక్‌పేటలో బట్టల షాపులో పనిచేశాను. రోజంతా నిలబడి నలుగురితో మాట్లాడిన మనిషిని టీవీ ముందు కూర్చోమంటే పిచ్చెక్కదా? ఆ మొద్దు దగ్గర నాకూ కాస్త చోటు కావాలనిపించింది. కానీ నాది ఎడమచేతి వాటం.

"ఎడమ చెయ్యా?" అత్తమ్మ నా చేతిలో కత్తి గుంజుకుంది. "బోనం కింద పెట్టే పుల్లలే అవి! కుడిచేత్తోని కొడితే కొట్టు, లేకుంటే లోపలికి నడువు."

కుడిచేత్తోనే కొట్టాను. ఒక పుల్ల గరిటె కాడంత వచ్చింది, ఒకటి దువ్వెన పన్నంత. అత్తమ్మ నా కట్టను తీసుకుపోయి మా ఇంటి పొయ్యిలో పెట్టేసింది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

మా ఆయన రాహుల్ ఆటో తోలుతాడు. "అమ్మతోని లొల్లి ఎందుకే నీకు?" అన్నాడు. లొల్లి కాదయ్యా, చోటు కావాలి నాకు అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

ఆషాఢం వచ్చింది. ఆదివారం బోనాలనగా శనివారం పొద్దున్నుంచే వాన దంచికొట్టింది. పక్క బస్తీ ఆగమ్మ తన గల్లీ మొత్తానికి పుల్లలు చెప్పి పోయింది. దుకాణంలో తడవని చోటంటే మొద్దు ఉన్న రేకు కింద మాత్రమే. అంత పని ఒక్కచేతి మీద అయ్యేది కాదు.

"రా, కూసో," అంది అత్తమ్మ, మందు మింగినట్టు ముఖం పెట్టి.

రెండో కత్తి తీసుకుని ఆమెకు ఎడమపక్కన ఇరుక్కుని కూర్చున్నాను. నా కుడి మోచెయ్యి ఆమె భుజాన్ని గుద్దింది. మళ్లీ కత్తి ఎత్తితే, పుల్ల పట్టుకున్న ఆమె వేళ్ల పక్కనే దిగింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. అప్పుడిక అడగలేదు, కత్తిని ఎడమచేతికి మార్చేశాను.

ఆమె కత్తి అటు, నా కత్తి ఇటు. ఎవరికీ ఎవరూ అడ్డం లేరు. అత్తమ్మ నోటిదాకా వచ్చిన తిట్టును మింగేసి చెక్క అందుకుంది. కాసేపటికి ఇద్దరి దెబ్బా ఒక్క తాళంలో పడింది. నాకు పాడాలనిపించింది, భయపడి ఊరుకున్నాను. చూస్తే అత్తమ్మే కూనిరాగం తీస్తోంది!

ఒక్కటే ఇబ్బంది. ఆ కత్తులకు సాన ఒకవైపే పట్టి ఉంటుంది, కుడిచేతివాళ్లకు తగ్గట్టు. నా చేతిలో అది పక్కకు గుంజుతోంది. సాయంత్రానికి మణికట్టు వాచింది. చెబితే లేవమంటుందని చెప్పలేదు.

చీకటి పడే వేళకు ఆగమ్మ గొడుగుతో వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది. "ఏందే సుందరమ్మా గిది? అమ్మవారి పొయ్యిలకు ఎడమచేతి పుల్లలా?"

ఇక అత్తమ్మ నన్ను మొద్దు దగ్గర్నుంచి లేపేస్తుందనుకున్నాను.

అత్తమ్మ తలెత్తలేదు. "అక్కా, అమ్మవారికి ఎన్ని చేతులు?"

"మస్తుగుంటయి."

"అండ్ల సగం ఎడమయే గదా? గామెకు లేని ఫికర్ నీకెందుకు? పుల్లలు అంటుకోకుంటే నన్నడుగు."

ఆగమ్మ పకపకా నవ్వేసింది. కట్టలన్నీ ఎత్తుకుపోయింది. మర్నాడు ఆ గల్లీలో పొయ్యిలన్నీ ఒక్కో అగ్గిపుల్లకే అంటుకున్నాయని ఆమే వచ్చి చెప్పింది.

సోమవారం అత్తమ్మ కమ్మరి దగ్గరికి పోయి, కొత్త కత్తి తెచ్చి నా ముందు పడేసింది. చూద్దామని కుడిచేత్తో పట్టి ఒక చెక్క కొట్టాను. వంకరగా చీలింది.

"సాన తప్పు పెట్టిండు అత్తమ్మా. గిటు ఉండాల్సిన వాలు గటు ఉంది."

"కమ్మరి గూడ గదే అన్నడు. వానితో పొద్దంత కొట్లాడి పెట్టిపిచ్చిన," అంది అత్తమ్మ, వాచిన నా మణికట్టు వైపు చూస్తూ. "దేనితోని అన్నం తింటవో నాకెందుకు గని, గా చేత్తోని పట్టు."

ఎడమచేతిలోకి తీసుకుని కొట్టాను. చెక్క పైనుంచి కిందిదాకా నిటారుగా రెండుగా విడిపోయింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అత్తమ్మ ఆ రెండు ముక్కలూ తీసి ఒకదానితో ఒకటి కొట్టి చూసింది. ఖంగుమన్నాయి.

"ఎండింది," అని, మొద్దు దగ్గర తన పీటను కాస్త కుడికి జరుపుకుంది.