ఎడమచేతి పరీక్ష

వీడియో ఆటల మెషీన్లు బాగుచేసే ఆ మెకానిక్కుకి పక్షవాతం వచ్చి తగ్గింది. తగ్గిందని డాక్టరు అన్నాడు లెండి. ఎడమ చెయ్యి భుజం దగ్గర లేస్తుంది గానీ, మోచేతి కింద ఉందో ఊడిందో ఆయనకే తెలియదు. ఇంట్లోవాళ్లు కళ్లొత్తుకుంటుంటే, పోయింది ఎవరి చెయ్యో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. ఆ వేళ్లు ఒక్కసారి కదిలితే చాలన్నది ఒక్కటే ఆశ. అదీ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు పని కూతురిది, నోరు ఆయనది.

ఆ రోజు ఒక పాత మెషీన్ దిగింది. లావుపాటి గాజు తెర ఉన్న రకం. "బొమ్మ వస్తోందండీ, కాస్త వంకర, అంతే" అని యజమాని వదిలేసి పోయాడు. కూతురు వెనక తలుపు తీసి ప్లగ్గు పెట్టింది. వంకరగానే అయినా బొమ్మ నిక్షేపంగా వెలిగింది.

"ఆగు తల్లీ, చెయ్యి పెట్టకు. ముందు నన్ను చూడనీ."

చూడటమంటే ఎడమ చేతి వెనక వైపు మానిటర్ ఇనుప ఫ్రేముకి తగిలించడం. కరెంటుంటే చురుక్కుమంటుంది, వేళ్లు ముడుచుకుని చెయ్యి వెనక్కొస్తుంది. మీటరు దండగని జీవితమంతా అలాగే నెట్టుకొచ్చాడు మహానుభావుడు. ఆ చెయ్యి ఇక తనకేమీ చెప్పగలిగే స్థితిలో లేదన్న సంగతి తట్టనే లేదు.

ఉత్తి కాళ్లతో నేల మీద నిలబడి భుజం ఎత్తి ఆనించాడు. చురుక్కు లేదు. "ఏం లేదు, కానియ్" అనబోయాడు. అంతలో వేళ్లు గబుక్కున ముడుచుకున్నాయి, చెయ్యి జారి పక్కకు వాలింది.

"కదిలాయే! చూశావా? అమ్మకి ఫోన్ చెయ్యి!"

కూతురి మొహం వెలిగింది, వెంటనే మాడిపోయింది. మీటరు తీగలు ఒకటి ఫ్రేముకి, ఒకటి ఎర్త్‌కి పెట్టింది. ముల్లు ఎగిరింది. ప్లగ్గు పీకేసింది.

"నాన్నా, నువ్వు కదిపింది కాదు. కరెంటు."

లోపల చూస్తే మధ్యలో ఉండాల్సిన ట్రాన్స్‌ఫార్మర్‌ని ఎవరో తప్పించి, గోడ కరెంటు నేరుగా మానిటర్‌కి కలిపేశారు. అలా కలిపినా బొమ్మ వస్తుంది, ఫ్రేముకి కరెంటూ వస్తుంది. "కానియ్" అన్న ఆ ఒక్క మాట నోరు జారి ఉంటే బిడ్డ చెయ్యి లోపలుండేది. భయపడాలని ఆయనకు తెలుసు. భయం రాలేదు.

"ట్రాన్స్‌ఫార్మర్ పెట్టు. గోడ తీగలు ఒక వైపు, మానిటర్ తీగలు ఇంకో వైపు. రెండూ ఎక్కడా కలవకూడదు. ఎర్త్ వైరు ఫ్రేముకి బోల్టేసి బిగించు" అన్నాడు.

ఆమె బిగించింది, ప్లగ్గు పెట్టి మీటరుతో చూసింది. ముల్లు ఉలకలేదు.

"చాల్లే నాన్నా, చూశాగా."

ఆయన వినలేదు. చెయ్యి మళ్లీ ఫ్రేముకి ఆనించి, తీయకుండా వేళ్లకేసి చూస్తూ నిలబడ్డాడు. అవి కదల్లేదు.

"సరిగ్గా చేశావమ్మా" అన్నాడు.