నేను తెనాలిలో హార్మోనియం మరమ్మతు

నేను ఒక వెబ్‌సైట్ శీర్షికను. ఫోన్‌లో ఎవరైనా వెతికితే నీలం రంగులో కనిపించే ఆ ఒక్క వరసను. ‘తెనాలిలో హార్మోనియం మరమ్మతు’ అనే మూడు మాటలే నా ఒళ్ళంతా.

నన్ను రాసింది శేషుకుమారి. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. తండ్రి భూషణం నాటకాల వాళ్ళ హార్మోనియాలు బాగుచేసేవాడు. దసరాలోపు పని రాకపోతే కొట్టు మూసి కోల్డ్ స్టోరేజీలో కాపలాకు పోతానన్నాడు. అందుకని ఆమె వెబ్‌సైట్ మొదలుపెట్టింది. జనం నిన్ను ముందు ఏమడుగుతారని తండ్రిని అడిగింది.

“పెట్టె బాగవుద్దా అంటారు. నా పేరెవడికి కావాలి?”

ఆ జవాబులోంచి పుట్టాను నేను. నా కింద వివరణ, నా తమ్ముడు: ‘మూగబోయిన మెట్లు, గాలిపోయే తిత్తి, తప్పిన శ్రుతి సరిచేస్తాం.’ వెతికినప్పుడు వచ్చే వరసలో సైట్‌ను పైకి మోయడం వాడి వల్ల కాదు, అది నా వంతు. చూసినవాళ్ళను లోపలికి పిలవడం వాడి పని.

మూడో నెలకు మొదటి పేజీకి చేరాను. నరసరావుపేట నుంచి, ఒంగోలు నుంచి ఫోన్లు వచ్చాయి. భూషణం పనిముట్లకు నూనె రాసుకున్నాడు.

అప్పుడు పెదనాన్న వీరరాఘవులు సైట్ చూశాడు. శుభలేఖైనా, కొట్టు బోర్డైనా పైన దేవుడు, కింద పెద్దలు లేకుండా ఆ ఇంట్లో ఏదీ అచ్చు కాలేదు.

“చదువుకున్నదానివి. స్వామి లేడు, మీ తాత లేడు. మరమ్మతు ఒక్కటే ఉందేంటమ్మా?”

భూషణం తల వంచుకున్నాడు. నన్ను తీస్తే ఏమవుతుందో శేషుకు తెలుసు. అయినా “అలాగే పెదనాన్నా” అంది.

నా చోట ‘శ్రీ ప్రసన్నాంజనేయస్వామి కృపతో, కీర్తిశేషులు కోటయ్యగారి దివ్య ఆశీస్సులతో’ వచ్చింది. సైట్‌లో ఉన్న ఆరు పేజీలకూ అదే శీర్షిక. ఫోన్‌లో అది ఆశీస్సుల దాకా రాకుండానే చుక్కలు పడి తెగిపోయేది. తమ్ముడి చోట తాతగారి బిరుదులు. పెట్టె బాగుచేయించుకోవాలని వెతికేవాళ్ళకు సైట్ ఎక్కడో అయిదో పేజీలో పడింది. పెదనాన్న మాత్రం తన తండ్రి పేరు కొట్టి చూసుకుని, మనమే మొదట వస్తున్నామని మురిసిపోయాడు.

దసరా వెళ్ళాక వేటపాలెం నుంచి ఒకాయన హార్మోనియం మోసుకొచ్చాడు. ఫోన్‌లో ఎంత వెతికినా దొరకలేదనీ, ఊళ్ళో అడుక్కుంటూ వచ్చాననీ చెప్పాడు. “నాన్నగారున్నారా అమ్మా?”

“కోల్డ్ స్టోరేజీలో డ్యూటీలో ఉన్నారండీ” అంది శేషు, తాళం వేసిన కొట్టు తలుపు ముందు నిలబడి.

నేనిప్పుడు ఆమె నోటుబుక్కులో ఉన్నాను. నా మీద ఒకటే గీత, స్కేలు పెట్టి కొట్టింది. నా విలువ తెలియని చెయ్యి కొట్టి ఉంటే ఆ గీతను ఎప్పుడో మరిచిపోయేదాన్ని.