పెంచలయ్య వినని చప్పట్లు

నేను ఒక ఆటసామానునట. నన్ను అమ్మిన కొట్టువాళ్ళు ఆ అరలోనే పెట్టారు కాబట్టి కాదనను. పుస్తకంలా మడుచుకుంటాను. తెరిస్తే పైన ఒక తెర, కింద ఒక తెర. కింది తెర మీద చిన్న ప్లాస్టిక్ పుల్లతో రాయొచ్చు. నాతోపాటు పుట్టినవాళ్ళకు కార్ల పందేలూ కత్తియుద్ధాలూ దక్కాయి. నాకు మాత్రం బడిపిల్లలకు కంజి నేర్పే బిళ్ళ తగిలించారు. కంజి అంటే జపానువాళ్ళ బొమ్మల్లాంటి అక్షరాలు. ఒక్కో అక్షరానికీ ఒక అర్థం ఉంటుంది. ఒకటో తరగతి నుంచి ఆరో తరగతి దాకా పిల్లలు నేర్వాల్సినవన్నీ నాలో ఉన్నాయి. ఏ గీత ముందో ఏది వెనకో కనిపెట్టి చూస్తుంటాను. తప్పు రాస్తే బుర్రుమంటాను. నూటికి నూరు వస్తే బాకాలు ఊది, చప్పట్లు కొట్టి, చిన్నపిల్ల గొంతుతో శభాష్ అంటాను. పొగడ్తకు ఖర్చేముంది గనక, ధారాళంగా పోసి పంపారు.

నన్ను మొదట కొన్నది కితాజావా అనే ఇంజనీరు, తన కూతురి కోసం. ఆ పిల్ల నాలుగో తరగతి దాకా నాతో రాసింది. తర్వాత చేతికి ఫోన్ వచ్చింది, నేను సొరుగులోకి వెళ్ళాను. చాలా ఏళ్ళకు ఆ సొరుగు తెరిచింది కితాజావా గారే. జీవితమంతా కంప్యూటర్ మీటలు నొక్కి నొక్కి ఆయన చెయ్యి చిన్నప్పటి అక్షరాలను మరిచిపోయిందట. పుట్టు భాషను ఆటసామాను దగ్గర మళ్ళీ నేర్చుకోవడానికి ఆ పెద్దమనిషి సిగ్గుపడలేదు. కార్ల రేకులు అచ్చుకొట్టే కొత్త ఫ్యాక్టరీ పెట్టించడానికి ఆయనను మన తడ వైపు పంపినప్పుడు, నన్ను కూడా పెట్టెలో సర్దుకున్నాడు. అచ్చుయంత్రాల మోతలో బతికిన చెవులు కదా, ఆయనకు నా గొంతు ఆనలేదు. పక్కనున్న శబ్దం మీటను చివరికంటా తోశాడు. అది అక్కడే ఉండిపోయింది.

ఫ్యాక్టరీలో ఆయన పేరు నోరు తిరగక అందరూ కిట్టయ్య సార్ అనేశారు. ఆయనకు అదీ నచ్చింది.

అక్కడ రేకుల మీద గీతలూ నొక్కులూ చూసి ఏరేసే పనిలో పెంచలయ్య ఉండేవాడు. సూళ్ళూరుపేట మనిషి, పుట్టు చెవుడు, మాట లేదు. చిన్నప్పుడు బడిలో వేస్తే పంతులు అక్షరాలను వల్లె వేయించాడు. మన అక్షరాల్లో శబ్దం దాక్కుని ఉంటుంది. అది అందని పిల్లవాడికి అవి ఒట్టి వంకరలు. సైగలతో నేర్పేవాళ్ళు ఆ దరిదాపుల్లో లేరు. అందుకని పెంచలయ్య చదువు ఆ ఏడాదే ఆగిపోయింది. అలాంటివాడి ముందు కిట్టయ్య సార్ ఒకరోజు సుద్దముక్కతో నేల మీద కొండ అనే అక్షరం వేసి, దూరంగా కనిపిస్తున్న కొండను చూపించాడు. తర్వాత చెట్టు. తర్వాత మూడు చెట్లు కలిపి అడవి అన్నట్టు చేతులు చాచాడు. కాసేపాగి అదే అడవిని నాలుగు చెట్లతో వేశాడు. పెంచలయ్య ఆ సుద్దముక్క లాక్కుని మూడు చెట్లు చాలని చూపించాడు. సార్ కావాలనే తప్పు వేశాడని అప్పుడు తెలిసింది. శబ్దం అడగని అక్షరాలు కూడా ఉంటాయని పెంచలయ్యకు ఆ వయసులో ఒకరు చెప్పారు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి కబుర్లకు ఫ్యాక్టరీ నేల చాలేది కాదు.

రెండేళ్ళకు సార్‌కు జబ్బు చేసి స్వదేశానికి ప్రయాణమయ్యాడు. గేటు దగ్గర నన్ను పెంచలయ్య చేతిలో పెట్టి, ఆరు వేళ్ళు చూపించి, గాలిలో ఉత్తరం రాసి, తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆరు తరగతులూ ముగించి నాకొక ఉత్తరం రాయి అని. పెంచలయ్య తల ఊపాడు. అంత గట్టిగా తల ఊపిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇంట్లో ఆయన భార్య మస్తానమ్మ, జాకెట్లు కుడుతుంది. ఆమెకు చెవులూ నోరూ రెండూ చురుకే. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి పెంచలయ్య నన్ను ఒళ్ళో పెట్టుకునేవాడు. కొత్త అక్షరం వస్తే ఆమె దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి, అర్థం వెతికి చేతులతో చెప్పేది. చెప్పి వంటింట్లోకి పోయేది. నేను బుర్రుమంటే అక్కడి నుంచే "మళ్ళీ తప్పింది" అనుకునేది. చప్పట్లు మోగితే గరిటె పట్టుకుని గడపలోకి వచ్చి మొగుడి ముఖం చూసి వెళ్ళేది.

పక్కింటామె ఒకసారి అడిగేసింది. "ఏంది మస్తానమ్మా, దినామూ మీ ఇంట్లో చప్పట్లు?"

"మా ఆయన పాసవతా ఉండాడు."

"ఆయనకి ఇనపడదు గదా. సౌండు తగ్గించుకోరాదా?"

"తగ్గిస్తే నాకెట్ట తెలిసేది?"

నేను మోగుతానని ఆమె మొగుడికి చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. గిన్నె జారినా తలుపు కొట్టుకున్నా చిన్నప్పుడు తిట్లు తిన్న మనిషి ఆయన. తనకు వినపడని చప్పుడు పక్కవాళ్ళను ఎక్కడ ఇబ్బంది పెడుతుందోనని చెంబు కూడా రెండు చేతులతో దించుతాడు. తెలిస్తే మొట్టమొదట నా నోరు మూస్తాడు. మాటలు లేని ఆ ఇంట్లో ఆమెకు నా కేకలే కాలక్షేపం.

ఆరో తరగతిలో కొద్ది అక్షరాలే మిగిలాయనగా, కిట్టయ్య సార్ పోయాడని ఫ్యాక్టరీకి కబురొచ్చింది. మర్నాడు పొద్దున సంతాపసభ పెట్టారు. పెంచలయ్య ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లారి నన్ను సంచిలో వేసుకున్నాడు. ఫ్యాక్టరీ ఆవరణలో సార్ ఫొటో పెట్టి దండ వేశారు. ఒక్కొక్కరూ పూలు పెట్టి వచ్చి వరసల్లో నిలబడ్డారు. పెంచలయ్య పూలు తేలేదు. సార్ ఇచ్చిన దాన్నే, ఆయన నేర్పిన ఒక అక్షరం రాసి, ఆ ఫొటో ముందు తెరిచి పెట్టాలని ఆయన తలపోత. పొందిన మేలు అనే అక్షరం. దానికి అడుగున మనసు అనే గుర్తు ఉంటుంది.

ఇంతలో రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. అందరూ తలలు వంచారు. మౌనం పెంచలయ్యకు కొత్తగా మొదలయ్యేదీ కాదు, ఆగేదీ కాదు. తల వంచడమంటే దణ్ణం పెట్టుకోవడమేనని ఆయనకు అర్థమైంది. నన్ను తెరిచి, కన్నీళ్ళు తుడుచుకుంటూ, ఒక్కో గీతా నిదానంగా రాశాడు. అంత చక్కగా ఆయన ఎప్పుడూ రాయలేదు. నూటికి నూరు వచ్చాయి.

నేనేం చెయ్యను, నాకు తెలిసింది ఒక్కటే. ఆ నిశ్శబ్దంలో బాకాలు ఊదాను. చప్పట్లు కొట్టాను. శభాష్ అని కేకేశాను.

వందల తలలు ఒక్కసారి పైకి లేచాయి. తలెత్తి చూసిన పెంచలయ్య, అందరూ తన అక్షరాన్నే చూస్తున్నారనుకుని, నన్ను కొంచెం పైకెత్తి వాళ్ళకు చూపించాడు. అదే ఆయన కొంప ముంచింది. మధ్యాహ్నానికల్లా ఆయన్ను ఇంటికి పంపేశారు. నెలాఖరుకు కాంట్రాక్టు అయిపోయిందన్నారు, మళ్ళీ పిలవలేదు.

మస్తానమ్మ నన్ను కొంగులో చుట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. బల్ల వెనక ఉన్నాయన చెడ్డవాడేమీ కాదు, భయస్థుడు.

"ఆయనకి ఇనపడదు సార్. అది మోగతాదని కూడా తెలీదు."

"తెలుసమ్మా. కానీ జపాను సార్లందురూ చూసినారు గదా. దణ్ణం పెట్టే టయానికి గేమాడితే మేమేం చెప్పేది?"

"గేము కాదు సార్, చదువు. ఆ కిట్టయ్య సారే ఇచ్చినాడు."

"బొమ్మలొచ్చేదాన్ని చదువంటే ఎవురు నమ్ముతారమ్మా?"

ఇంటికొచ్చి మొగుడి ఎదురుగా కూర్చుంది. అప్పటిదాకా ఆయనకు పని ఎందుకు పోయిందో తెలియదు. ఆమె నన్ను చూపించి, తన చెవి చూపించి, నోరు పెద్దగా తెరిచి, చప్పట్లు కొట్టింది. చేతులు ఆడుతుంటే నోరు కూడా తనకు తెలియకుండానే పలికింది. "ఇది అరస్తాది. దినామూ అరస్తానే ఉండాది. నేనే నీకు చెప్పలా. నా సంతోషానికి నేనే చెప్పలా."

పెంచలయ్యకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఫొటో ముందు తలెత్తిన మనుషులంతా అప్పుడు ఆయన కళ్ళ ముందుకు వచ్చి ఉంటారు. మీట ఎక్కడుందో అడిగి, దాన్ని ఈ చివరికంటా లాగి, నన్ను బీరువా మీద పెట్టాడు.

తర్వాత ఆయన నాయుడుపేటలో ఇనుప బీరువాలు చేసే షెడ్డులో రంగులు వేసే పనికి కుదిరాడు. నెలల తరబడి నా మీద దుమ్ము పేరుకుంది. మస్తానమ్మ అప్పుడప్పుడు నన్ను తుడిచి, మీట మీద వేలు పెట్టి, జరపకుండానే తీసేసేది. ఆ ఇల్లు నిజంగా నిశ్శబ్దంగా ఉండేది.

ఒక వానాకాలం సాయంత్రం ఆయనే నన్ను దించి ఛార్జి పెట్టాడు. ఆగిన చోటి నుంచి రాయడం మొదలుపెట్టాడు. నేను గొంతు లేకుండా బాకాలు ఊదుతూ, గొంతు లేకుండా చప్పట్లు కొడుతూ వచ్చాను. చివరి అక్షరం వాదించడం అనే అర్థమున్నది. దాని ఎడమ పక్క మాట అనే గుర్తు ఉంటుంది. అక్కడికి వచ్చాక ఆయన పుల్ల ఆపి, వంటింట్లోకి వెళ్ళి మస్తానమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఎదురుగా కూర్చోబెట్టాడు. మీటను మళ్ళీ చివరికంటా తోశాడు. అప్పుడు రాశాడు.

ఆరు తరగతులు ముగించినవాళ్ళ కోసం నాలో ఒక పెద్ద పాట దాచి ఉంచారు. దాన్ని నేను మొదటిసారి పాడాను. పెంచలయ్య నా తెర వైపు చూడలేదు. రెప్ప వెయ్యకుండా ఆమె ముఖాన్నే చూశాడు. ఆమె నవ్వబోయి ఏడ్చింది, ఏడుస్తూనే పాటకు చేతులతో తాళం వేసింది. పాట ఎప్పుడు ఆగిందో ఆయనకు ఆ చేతులను బట్టే తెలిసింది.

ఆ తర్వాత ఒక కాగితం తీసుకుని ఉత్తరం రాశాడు. దాన్ని ఎక్కడికి పంపాలో వాళ్ళిద్దరికీ తెలియదు. కాగితాన్ని నా రెండు తెరల మధ్య పెట్టి, నన్ను మూసి, బీరువాలో పాత తాళంచెవుల డబ్బా పక్కన ఉంచాడు. అలా ఏళ్ళు గడిచాయి, నా బ్యాటరీ ఉబ్బి కూడా చాలాకాలమైంది. ఇక నేను తెరుచుకునేదీ వెలిగేదీ ఉండదు.

సిరా ఉన్న వైపు నా కింది తెరకు ఆనుకుని ఉంది, అందుకే చీకట్లోనూ చదవగలుగుతున్నాను. జపాను పిల్లలు చూస్తే ఆ వాక్యాల పొందికకు నవ్వుతారేమో గానీ ఒక్క గీత కూడా తప్పు పోలేదు. ఆరు తరగతులు అయినవి, అని ఉంది. మీ ముందు చప్పుడు చేశాను, క్షమించండి, అని ఉంది.

ఆ చప్పుడు ఆయన చెయ్యలేదు, నేను చేశాను. ఉత్తరం మొత్తంలో తప్పు అదొక్కటే. బుర్రుమని చెబుదామంటే నాలో ఛార్జి లేదు.