గోడమీద గుండెలు

మైపాడు దగ్గరి ఆ చిన్న ఆసుపత్రికి పొద్దున పూట రోగుల కంటే ఆడవాళ్ళే ఎక్కువ వస్తారు. మగవాళ్ళు వేటకు పోయాక గోడ చూసుకోడానికి. అక్కడ తీసిన ఈసీజీ కాగితం ఆగదు. తీగలు పీకి మనిషిని ఇంటికి పంపినా, గోడకు గుచ్చిన కాగితంమీద అతని గుండె గీత నడుస్తూనే ఉంటుంది. మొగుడి గీత కుదురుగా ఉందని చూసుకుని, వాళ్ళు కూరల పనిమీద పోతారు.

కొత్త డాక్టరు అబిగయీలుకు మాత్రం ఆ గోడంటే గుబులు. పుస్తకంలో అర్థమైన గీతలు కాగితం మీద ఒక్కటీ కొరుకుడు పడవు. పోయిన నెల మాల్యాద్రి సముద్రంలోంచి తడి లుంగీతోనే వచ్చి మంచమెక్కాడు. గీత పిచ్చిగా వణికింది. గుండె లయ తప్పిందని ఆమె అతన్ని అంబులెన్సులో నెల్లూరు పంపింది. అక్కడ ఒళ్ళు తుడిచి దుప్పటి కప్పితే చలి వణుకు తగ్గి గీత బాగుపడింది. ఊరు వారం నవ్వింది. ఆమె కూడా నవ్వి, గదిలోకి పోయి ఏడ్చింది.

పెద్ద డాక్టరు కరుణాకుమారి తిట్టలేదు. "చూసి చెప్పకు, కొలిచి చెప్పు. దెబ్బలు సమంగా ఉన్నాయా? గీతలో లేచే మొనలు సన్నగా ఉన్నాయా? ముందు ఈ రెండూ తేల్చుకో," అంది.

వసారాలో వల బాగుచేసుకుంటున్న అంకాలమ్మ చేతిలోని వెదురు బద్ద చూపించింది. "మేం ప్రతి కన్నుకూ దీన్ని పెట్టి చూస్తాం తల్లీ. ఊరికే చూస్తే అన్నీ ఒకటిగానే ఉంటాయి."

అబిగయీలు ఆ రోజే అట్టముక్క ఒకటి కత్తిరించుకుని, అంచున గుర్తులు పెట్టి, గోడమీది గీతలన్నీ కొలవడం మొదలుపెట్టింది.

మంగళవారం కరుణాకుమారి మీటింగుకు నెల్లూరు వెళ్ళింది. పది దాటగానే అంకాలమ్మ కేక పెట్టింది.

"డాక్టరమ్మా! మా ఆయన గీత పరిగెత్తతా ఉండాది!"

ఆమె మొగుడు మాలకొండయ్య పడవ ఒడ్డుకు రావాలంటే రెండు గంటలు. ఈసారి పొరపాటు పడితే మనిషి దక్కడు. అబిగయీలు గీతకు అట్టముక్క ఆనించింది. ప్రతి మొనా గుర్తుమీదే పడుతోంది. సమం. సన్నం. నిమిషానికి నూట తొంభై. అయితే చన్నీళ్ళకు లొంగే పరుగే.

వెంటనే ఫోను చేస్తే, పడవలో తీసింది చిన్నపోలయ్య. "మా బావకు కళ్ళు తిరగతా ఉండాయి, ఏం చేసేదమ్మా?"

"ఐసుందా అన్నా?"

"చేపలకు తెచ్చింది ఉండాది."

"బకెట్లో నీళ్ళు పోసి ఐసు వెయ్యండి. ఊపిరి బిగబట్టి మొహం ముంచమను. పడిపోకుండా పక్కనుండి పట్టుకో."

"మొహమా?"

"ముంచమను అన్నా!"

గీత అట్లాగే పరిగెత్తింది. పరిగెత్తి పరిగెత్తి, ఒక్కసారిగా సాపుగా పడిపోయింది. అంకాలమ్మ డాక్టరు భుజం పట్టుకుంది.

ఒక మొన లేచింది. కొంచెం ఆగి ఇంకొకటి. తర్వాత తీరిగ్గా, సమంగా నడక.

పక్కనే, అదే పడవలో ఉండి భయంతో ఉరికిన నలుగురి గీతలూ ఒకదాని వెనక ఒకటి నెమ్మదించాయి. గోడ దగ్గర చేరిన ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. ఫోనులో మాలకొండయ్య గొంతు వినిపించింది. "మ్మే, మొహం గడ్డకట్టుకు పోయింది. ఏం కూర చేసినావు?"

సాయంత్రం అతను తిన్నగా ఆసుపత్రికే వచ్చాడు.

"కొందరికి పుట్టుకతోనే గుండెలో ఒక అడ్డదారి ఉంటుందన్నా, నీ గుండె పరిగెత్తింది ఆ దారినే. నెల్లూరులో నరంలోంచి తీగ పంపి దాన్ని కాల్చి మూసేస్తారు. పోతావా?" అని అడిగింది అబిగయీలు.

"నువ్వు చెప్తే పోతా తల్లీ."

పదమూడేళ్ళ కాపురంలో ఎన్నడూ నలుగురిలో అతని చెయ్యి పట్టుకోని అంకాలమ్మ, ఇప్పుడు పట్టుకుంది. గోడమీద అతని గీత వేగం అందుకుంది.

"ఇదేం జబ్బమ్మా మళ్ళా?" అన్నాడు మాలకొండయ్య కంగారుగా.

అబిగయీలు ఈసారి కొలవలేదు. "దీనికి మందు లేదన్నా," అని తేల్చి చెప్పింది.